ప్రశ్నపత్రము వ్రాసిన చేయియే మార్కులు వేయవచ్చునా?

పరీక్షాధికారి యొక విద్యార్థిని పిలిచి, "నాయనా! ప్రశ్నపత్రమును నీవే తయారు చేసికొనుము. సమాధానములను నీవే వ్రాయుము. పేపరు దిద్దువానిని కూడ నీవే జీతమిచ్చి నియమించుకొనుము" అని చెప్పినాడనుకొందము. ఆ విద్యార్థి యెంతటి సత్యసంధుడైనను, ఆ పరీక్షలో వచ్చిన నూటికి తొంబది మార్కులను ఏ ఉపాధ్యాయుడును నమ్మడు. విద్యార్థి దొంగ యని కాదు. అటువంటి యేర్పాటులో నిజము బయటపడుటకు దారి లేదని. ఇది పాఠశాలలో అందరకు తెలిసిన సంగతియే. కాని, భూమిని వేల అడుగుల లోతునకు తొలిచి ఇంధనమును పైకి తెచ్చు మహాకార్యమునందు ఎంత ప్రమాదమున్నదో తేల్చు పరీక్ష మన దేశములో చాలవరకు ఈ పద్ధతినే జరుగుచున్నది. ఆ పరీక్ష తప్పిపోయినపుడు నష్టపడువాడు మాత్రము దానిని వ్రాసినవాడు కాడు. బావి కంచె కావల కాపురమున్న రైతు, కూలి, బడిపిల్లవాడు.

కోనసీమవారికి ఈ మాట పుస్తకములలోనిది కాదు. 1995 జనవరి 8వ తేదీ సాయంకాలము మామిడికుదురు మండలములోని పాశర్లపూడి ప్రాంతమున ఓ.ఎన్.జి.సి. సంస్థ త్రవ్వుచున్న 19వ నంబరు బావి అదుపు తప్పినది. భూగర్భములోని వాయువు ఒక్కపెట్టున పైకి చిమ్మి అంటుకొన్నది. ఆ సంవత్సరము సంక్రాంతి పండుగ ఆ మంట వెలుగులోనే వచ్చి పోయినది. శివరాత్రి కూడ పోయినది. మార్చి 15వ తేదీకి గాని బావికి మూత పడలేదు. అమెరికానుండి నిపుణులను రప్పింపవలసి వచ్చినది. దగ్గరి పల్లెలవారు గొడ్డు గోదలతో ఇండ్లు విడిచి పోయిరి. 65 దినములు రాత్రి యనునది లేకుండ గడపిన ఆ యూళ్ళలో, ఆనాడు పదేండ్ల బాలుడుగా నున్నవాడు నేడు నలువదేండ్లు దాటిన గృహస్థుడు. వానికి "బ్లో అవుట్" అను ఇంగ్లీషు మాటకు అర్థము ఎవరును చెప్పనక్కరలేదు.

తరువాత 2014 జూన్ 27వ తేదీ తెల్లవారుజామున అదే మండలములోని నగరం గ్రామమున, గెయిల్ సంస్థకు చెందిన వాయువు గొట్టము పగిలి, బయటికి వచ్చిన వాయువు అంటుకొన్నది. ఇరువదిమందికి పైగా మరణించిరి. వారిలో పెక్కుమంది నిద్రలో నున్నవారు. మరల 2026 జనవరి 5వ తేదీన మలికిపురం మండలములోని ఇరుసుమండ వద్ద, ఒక పాత బావికి మరమ్మతు జరుగుచుండగా వాయువు ఎగదన్ని మండినది. చుట్టుపట్ల గ్రామములను ఖాళీ చేయించిరి. ముప్పదియొక్క యేండ్లలో ఒకే చిన్న లంకసీమలో ఈ మూడు సంఘటనలు జరిగినవి. వీనిని విధివిలాస మనుకొని ఊరకుండవచ్చునా? లేక మన అంచనాలు వేయు పద్ధతిలోనే లోపమున్నదని అనుకొనవలెనా?

ముందుగా బావి యెట్లు అదుపు తప్పునో తెలిసికొందము. నీటిలో పది మీటర్లు దిగినచో, పైనున్న గాలి బరువుకు సమానమైన మరియొక బరువు మీదపడునని మన సైన్సు పుస్తకములు చెప్పుచున్నవి. అనగా మూడువేల మీటర్ల లోతు గల బావిని నీటితో నింపినచో, అడుగున వాతావరణ పీడనమునకు సుమారు మూడువందల రెట్ల పీడనము ఉండును. భూగర్భములోని శిలల సందులలో చిక్కుకొన్న వాయువు అంతటి బలముతోనో, కృష్ణా గోదావరి ప్రాంతపు కొన్ని పొరలలో అంతకంటె మిక్కిలి బలముతోనో, పైకి రాజూచుచుండును. దానిని అణచి పట్టుటకే త్రవ్వునపుడు బావి నిండ నీటికంటె బరువైన చిక్కని బురదను నింపుదురు. ఆ బురద బరువు చాలినంతకాలము వాయువు క్రింద నుండును. బురద తేలికపడినను, ఏదో పొరలోనికి ఇంకిపోయినను, గొట్టములను పైకి లాగునపుడు దాని మట్టము తగ్గినను, లోపలి వాయువు పైకి తన్నును. అపుడు బావి నోటివద్ద అమర్చిన బి.ఓ.పి. అను ఉక్కు కవాటముల దొంతరను వెంటనే మూసివేయవలెను. అదియు పని చేయనిచో, లేక సమయమునకు అక్కడ లేనిచో, ఇక మానవుని చేతిలో నేమియు లేదు. మీథేను వాయువు గాలిలో నూటికి అయిదు నుండి పదునైదు పాళ్ళవరకు కలిసినపుడు చిన్న నిప్పురవ్వ చాలును. ఆ రవ్వ ఇంజనునుండి రావచ్చును. ఇనుము రాపిడినుండి రావచ్చును. పొద్దున్నే కాఫీకై వెలిగించిన పొయ్యినుండియు రావచ్చును.

ఇట్టి పని చేయబూనినవారు ముందుగా ప్రమాదమును మూల్యాంకనము చేయవలెనని నియమము. మూల్యాంకనము అను మాట ఉపాధ్యాయులకు చిరపరిచితమే. ఈ మూల్యాంకనములో సాధారణముగా రెండు ప్రశ్నలు వేయుదురు. చెడు జరుగుటకు అవకాశమెంత? జరిగినచో నష్టమెంత? ఈ రెండింటిని హెచ్చవేసి, వచ్చిన ఫలితమును ఒక పట్టికలో చేర్చి, ఇది స్వల్పము, ఇది మధ్యమము, ఇది తీవ్రము అని నిర్ణయింతురు. పద్ధతి మంచిదే. దానిని నేను తప్పుపట్టుట లేదు. కాని అందులో రెండు చిక్కులున్నవి.

మొదటిది లెక్కకు సంబంధించినది. ఉదాహరణకై, ఒక బావి అదుపు తప్పు అవకాశము వేయింటికి ఒక్కటి అనుకొందము. చదివినవానికి అది లెక్కలోనికి రానంత చిన్నదిగ తోచును. అటువంటివే 500 బావులున్నచో, వానిలో ఒక్కటియు తప్పిపోకుండుటకు అవకాశము నూటికి 61 పాళ్ళు మాత్రమే. కనీసము ఒక్కటైనను తప్పుటకు 39 పాళ్ళు. పదవ తరగతి విద్యార్థి ఈ గుణకారమును తానే చేసి చూడవచ్చును. ఒక్కొక్క బావికి వేరువేరుగా అంచనా వ్రాసి "స్వల్పము" అని ముద్ర వేయువారు తమ కాగితమువరకు అబద్ధము చెప్పుట లేదు. కాని బావులన్నిటి నడుమ నివసించు సీమకు ఆ కాగితములలో నే యొక్కటియు నిజము చెప్పుట లేదు.

రెండవ చిక్కు ఇంకను పెద్దది. ఆ పట్టికలో మూడవ ప్రశ్న లేదు. ప్రమాదము ఎవరికి? అనునదే ఆ ప్రశ్న. లాభమును దేశమంతటికి పంచి చూపవచ్చును. ఎరువుల కర్మాగారమునకు వాయువు, విద్యుత్కేంద్రమునకు వాయువు, నగరములోని వంటయింటికి వాయువు. నష్టమును మాత్రము అట్లు పంచుటకు వీలులేదు. అది బావికి అరకిలోమీటరు దూరములో నున్న యింటిపై మొత్తముగా పడును. వేయిమందికి ఒక్కొక్క రూపాయి లాభము, ఒక్కనికి వేయి రూపాయల నష్టము అన్నచో గణితములో సరిపోవచ్చును గాని ధర్మములో సరిపోదు. ఆ ఒక్కనిని అడిగిరా, అతడు ఒప్పుకొనెనా అని తేలినగాని ఆ లెక్క పూర్తి కాదు.

ఈ అంచనాను వ్రాయువా రెవరు? మన దేశమున పర్యావరణ ప్రభావమును ముందుగా అంచనా వేయుట 1994లో వెలువడిన ప్రకటనచే విధిగా నేర్పడినది. దాని స్థానమున 2006లో మరియొక ప్రకటన వచ్చినది. దాని ప్రకారము పని తలపెట్టిన సంస్థయే ఒక సలహాదారును కుదుర్చుకొని, రుసుము చెల్లించి, నివేదికను వ్రాయించుకొనును. ఆ సలహాదారులకు ప్రభుత్వ గుర్తింపు ఉండవలెను. నివేదికను తరువాత నిపుణుల సంఘము పరిశీలించును. ఈ రెండును మంచి యేర్పాటులే. అయినను సంఘము చూచునది తన ముందుకు వచ్చిన కాగితమునే. ఆ కాగితమును వ్రాసినవాడు తన తరువాతి జీవనమునకై ఎవరి దయపై ఆధారపడియున్నాడో మనము మరువరాదు. "పని ఇచట వలదు" అని వ్రాసిన సలహాదారునకు మరియొక సంస్థ పని యిచ్చునా?

ఇట్టి స్థితిలో పరీక్ష యెట్లు పాడగునో చూపుటకు అమెరికాలో జరిగిన ఒక ఉదంతము చాలును. 2010 ఏప్రిల్ 20వ తేదీన మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ అను త్రవ్వుడు ఓడ పేలి 11 మంది కార్మికులు మరణించిరి. సముద్రములోని బావినుండి దాదాపు మూడు నెలలు చమురు పొంగినది. అటువంటి విపత్తు వచ్చినచో ఏమి చేయవలెనో తెలుపు ప్రణాళికను బి.పి. సంస్థ అంతకుముందే సమర్పించి యుండినది. ప్రభుత్వ శాఖ ఆమోదించి యుండినది. విపత్తు తరువాత దానిని చదివినవారు ఆశ్చర్యపోయిరి. ఆ సముద్రములో రక్షింపవలసిన ప్రాణులలో వాల్‌రస్ పేరున్నది! వాల్‌రస్ ఉత్తర ధ్రువ ప్రాంతపు మంచు సముద్రములలోని జంతువు. మెక్సికో సింధుశాఖ వెచ్చని నీటిలో అది బ్రతుకదు. అంతేకాదు, సంప్రదింపవలసిన నిపుణులలో 2005లోనే మరణించిన యొక శాస్త్రవేత్త పేరు కూడ నున్నది. ఇతర చమురు సంస్థల ప్రణాళికలలోను అవే మాటలు, అవే వాల్‌రస్‌లు కనిపించినవి. కాపీ కొట్టిన విద్యార్థి పక్కవాని హాల్‌టికెట్టు నంబరుతో సహా దించినట్లున్నది. దీనికంటె విచారకరమైనది వేరొకటి గలదు. ఆ పేపరును దిద్దిన అధికారికి కూడ వాల్‌రస్ కనబడలేదు. ఆ తీరమున చేపలు పట్టి జీవించు ఒక్క బెస్తవానికి ఆ పుట చదివి వినిపించియున్నచో, అతడు పకపక నవ్వి, మరుక్షణమే భయపడి యుండెడివాడు.

ఇక నగరం గ్రామమునకు మరల వచ్చెదము. అక్కడ కాగితమునకును గొట్టమునకును ఎడము పడినది. తేమ లేని పొడి వాయువునకై ఉద్దేశింపబడిన గొట్టములో తడి వాయువు ప్రవహించుటచే లోపలి ఉక్కు తినివేయబడినదని విచారణలో తేలినది. ఇందులోని రసాయన శాస్త్రము ఉన్నత పాఠశాల స్థాయిదే. సహజవాయువుతో కలిసివచ్చు బొగ్గుపులుసు వాయువు నీటిలో కరిగినచో పలుచని ఆమ్లమగును. సోడాబుడ్డిలో నాలుకకు చురుక్కుమను పులుపు అదియే. ఆ పులుపు ఏండ్ల తరబడి ఇనుమును నాకుచుండినచో ఇనుము నిలువదు. గొట్టము వేసిననాటి అంచనా ఆనాటికి సరియైనదే కావచ్చును. కాని లోపల పారునది మారినపుడు అంచనాను కూడ మరల వ్రాయవలెను గదా! వాయువు కారుచున్నదని తాము ముందుగానే చెప్పితిమని గ్రామస్థులు ఆనాడు పత్రికల వారితో వాపోయిరి. ఊరివారి ముక్కు చెప్పిన మాటకు అంచనాల పట్టికలో గడి లేదు.

ఇక్కడ విద్యార్థులు ఒక విషయము గుర్తుంచుకొనవలెను. మీథేను వాయువునకు స్వతస్సిద్ధముగా వాసన లేదు. మన వంటయింటి సిలిండరులోని వాసన కూడ మనలను హెచ్చరించుటకై కలిపినది. దూరప్రాంతములకు పోవు పెద్ద గొట్టములలో అట్టి ద్రవ్యమును సాధారణముగా కలుపరు. కనుక వాసన వచ్చినచో ప్రమాదమున్నట్లే గాని, వాసన లేనంతమాత్రమున ప్రమాదము లేనట్లు కాదు.

"పల్లెటూరివారికి ఈ యంత్రముల సంగతి ఏమి తెలియును? వారిని అడుగుచు కూర్చున్నచో దేశమునకు ఇంధన మెట్లు వచ్చును?" అని కొందరు పెద్దలు ప్రశ్నింతురు. ఈ ప్రశ్నను తేలికగా త్రోసివేయరాదు. మన దేశము వాడుకొను ముడిచమురులో అత్యధిక భాగము విదేశములనుండియే కొనుచున్నాము. ఇంట దొరకు వాయువు విలువైనది. గోదావరి మండలములో ఈ పరిశ్రమ వలన ఉద్యోగములు వచ్చినవి. బావులవద్ద రేయింబవళ్ళు పనిచేయు ఇంజనీర్లు, కార్మికులు మన బిడ్డలే. మంట వచ్చినపుడు ముందుగా దానికెదురు నిలుచువారు వారే. బావులన్నిటిని రేపే పూడ్చివేయుడని నేను వ్రాయుట లేదు.

కాని పల్లెవానికి ఏమియు తెలియదనుట మాత్రము సత్యము కాదు. బి.ఓ.పి. కవాటము ఎన్ని పౌనుల ఒత్తిడికి ఓర్చునో అతనికి తెలియకపోవచ్చును. ఏ మాసమున ఏ దిక్కునుండి గాలి వీచునో అతనికి తెలియును. ఏ కాలువ గట్టు వానకాలములో నడువ వీలులేకుండ తెగిపోవునో, ఏ వంతెనపై రెండు బండ్లు ఎదురుపడినచో దారి మూసికొనిపోవునో అతనికి తెలియును. ఏ యింట మంచము దిగలేని ముసలమ్మ యున్నదో, ఏ బడిలో ఒకే వాకిలి యున్నదో అతనికే తెలియును. మంచినీటి పొర క్రిందనే ఉప్పునీరు పొంచియున్న సముద్రతీర భూములలో, బావినుండి వచ్చు ఉప్పునీరును, రసాయనములు కలసిన బురదను ఏ గోతిలో పోసినచో ఏ చెరువు చెడునో అతనికి తెలిసినంత దూరపు నగరములోని సలహాదారునకు తెలియదు. ప్రమాదపు అంచనాలో సగము యంత్రమును గూర్చినది. తక్కిన సగము ఊరిని గూర్చినది. మొదటి సగమునకు ఇంజనీరు పండితుడు. రెండవ సగమునకు ఊరివాడే పండితుడు. సగము పేపరు తెల్లగా విడిచి మార్కులు పూర్తిగా వేయుట ఏ మూల్యాంకనము?

ఊరివాని మాట వినుటకు ప్రజాభిప్రాయ సేకరణ అను నొక మార్గము చట్టములో నున్నది. కాని 2020 జనవరి 16వ తేదీన కేంద్ర పర్యావరణ శాఖ ఒక సవరణ చేసినది. దానిచే చమురు, వాయువుల అన్వేషణకై త్రవ్వు బావులు బి2 అను తరగతిలోనికి మార్చబడినవి. ఆ తరగతి పనులకు పూర్తి ప్రభావ నివేదికయు, ప్రజాభిప్రాయ సేకరణయు అవసరము లేదు. ఉత్పత్తి దశకు వచ్చిన తరువాత నియమములు వేరు. అయితే భూగర్భమున ఏ పొరలో ఎంత పీడనమున్నదో తెలియనిది అన్వేషణ దశలోనే గదా! తెలియనితనము ఎక్కువగా నున్నచోట ప్రశ్నలు తగ్గించుట విచిత్రమైన న్యాయము.

అదే సంవత్సరము అస్సాములో జరిగినది చూడుడు. తిన్సుకియా జిల్లాలోని బాఘ్‌జాన్ వద్ద ఆయిల్ ఇండియా సంస్థకు చెందిన 5వ నంబరు బావి మే 27వ తేదీన అదుపు తప్పినది. అది అన్వేషణ బావి కాదు. వాయువును ఇచ్చుచున్న బావియే. మరమ్మతు సమయమున, లోపల పోసిన సిమెంటు అడ్డు గట్టిపడినదని సరిగా తేల్చుకొనకమునుపే బి.ఓ.పి.ని తొలగించిరని విచారణలలో వినవచ్చిన ప్రధానమైన ఆక్షేపణ. పదమూడు దినములు వాయువు చిమ్మి, జూన్ 9వ తేదీన భగ్గుమన్నది. ఆ సంస్థకు చెందిన అగ్నిమాపక సిబ్బందిలో ఇద్దరు మరణించిరి. వేలకొలది జనులు శిబిరములలో తలదాచుకొనిరి. ప్రక్కనే యున్న మగురి మోటాపుంగ్ బీలు అను జలాశయములో చేపలు చచ్చి తేలినవి. నీటిపై చమురు తెట్టు కట్టినది. దిబ్రూ సైఖోవా జాతీయ వనము అక్కడికి కూతవేటు దూరము. నవంబరు 15వ తేదీకి గాని బావి పూర్తిగా అణగలేదు. అనగా 172 దినములు. పాశర్లపూడి మంట ఆరిన పాతికేండ్లకు, దానికి రెండున్నర రెట్లకు మించిన కాలము మరియొక మంట! పాఠము ఒకచోట నేర్చినది మరియొకచోటికి చేరకపోవుటకు కారణ మేమి? పేపరు దిద్దినవాడు తప్పును పేపరుమీద వ్రాయకపోవుటయే.

ఇతర దేశములు ఇట్టి దెబ్బలు తిని కొంత నేర్చుకొన్నవి. 1988 జూలై 6వ తేదీన ఉత్తర సముద్రములోని పైపర్ ఆల్ఫా అను చమురు వేదిక కాలిపోయి 167 మంది మరణించిరి. బ్రిటిషు ప్రభుత్వము నియమించిన లార్డ్ కల్లెన్ విచారణ నివేదిక 1990లో వెలువడినది. అందలి 106 సిఫారసులలో ముఖ్యమైనది చాల సామాన్యమైన సత్యము: ఉత్పత్తిని పెంచవలసిన శాఖ భద్రతను తనిఖీ చేయరాదు. ఇంధన శాఖ చేతినుండి భద్రతాధికారమును తొలగించి వేరొక సంస్థకు అప్పగించిరి. అమెరికాలో కూడ 2010 విపత్తు తరువాత, చమురు కౌలు లిచ్చు శాఖను భద్రత చూచు శాఖనుండి విడదీసిరి. మన దేశములో చమురు పరిశ్రమ భద్రతకై 1986లో ఏర్పడిన ఓ.ఐ.ఎస్.డి. అను సంస్థ నేటికిని పెట్రోలియం మంత్రిత్వశాఖ క్రిందనే యున్నది. కార్మిక శాఖ క్రిందనుండు గనుల భద్రతా డైరెక్టరేటు కూడ నేలమీది బావులను తనిఖీ చేయుచున్నది. అందరును సమర్థులే కావచ్చును. కాని ఉత్పత్తి ఎందుకు తగ్గినదని అడుగు మంత్రియే, భద్రతకై పని ఆపవలెనని చెప్పువానికిని అధికారి యైనచో, ఆ చెప్పువాని నోరు ఎంతవరకు పెగలును?

నెదర్లాండ్సు దేశపు గ్రోనింగెన్ వాయుక్షేత్రము మరియొక దృష్టాంతము. 1959లో కనుగొన్న ఆ క్షేత్రము ఆ దేశమును ధనవంతము చేసినది. వాయువును తోడుకొలది నేల క్రుంగి, భూకంపములు మొదలైనవి. 2012లో 3.6 తీవ్రత గల కంపము వచ్చి ఇండ్లు బీటలు వారినవి. 2015లో ఆ దేశపు భద్రతా మండలి విచారించి, అంతవరకు నిర్ణయములు తీసికొనుటలో నివాసుల భద్రతకు స్థానమే లేకపోయినదని తేల్చినది. ఎంతటి విద్యావంతమైన దేశమో చూడుడు! నిపుణులకు కొదువ లేదు. లెక్కలకు కొదువ లేదు. "ఎవరికి?" అను మూడవ ప్రశ్న మాత్రమే లేదు. చివరకు 2023 అక్టోబరులో అక్కడ ఉత్పత్తిని నిలిపివేసిరి.

అయినచో మనము చేయవలసిన దేమి? నాకు తోచినవి నాలుగు మాటలు మనవి చేయుదును.

మొదటిది, నివేదికను వ్రాయు సలహాదారునకు సంస్థ నేరుగా సొమ్ము చెల్లింపరాదు. రుసుమును ఒక ఉమ్మడి నిధికి చెల్లించినచో, సంస్థతో సంబంధము లేని అధికారి సలహాదారును నియమింపవలెను. పబ్లిక్ పరీక్షలలో పేపరుమీది పేరు మరుగుపరచి, కోడు వేసి, వేరొక ఊరి ఉపాధ్యాయునిచే దిద్దించుట మనము ఎరిగినదే. పదవ తరగతి లెక్కల పేపరుకు ఇచ్చు పాటి గౌరవమును వేలమంది ప్రాణములకు ఈయలేమా?

రెండవది, అన్వేషణ బావులకు కూడ ప్రజాభిప్రాయ సేకరణను పునరుద్ధరింపవలెను. ఇప్పటి నియమము ప్రకారము, సేకరణ జరుగుచోట నివేదిక సారాంశమును స్థానిక భాషలో ఈయవలెను. సారాంశము చాలదు. పూర్తి నివేదిక తెలుగులో రావలెను. తన యింటికి వచ్చు ముప్పును తన భాషలో చదువుకొను హక్కు కంటె చిన్న హక్కు ఏమున్నది?

మూడవది, అంచనా ఒక్కసారి వ్రాసి బీరువాలో పెట్టు దస్తావేజు కారాదు. గొట్టములో పారునది మారినపుడు, పాత బావిని మరమ్మతునకై తెరచినపుడు, గుత్తేదారు మారినపుడు, దగ్గరలో కొత్తగా ఇండ్లు లేచినపుడు, మరల అంచనా వేయవలెను. బాఘ్‌జాన్, ఇరుసుమండ రెండును మరమ్మతు సమయములోనివే యని మరువరాదు. అగ్నిశేషము, ఋణశేషము మిగుల్చరాదని మన పెద్దల మాట. పాత బావి అగ్నిశేషమే.

నాలుగవది పాఠశాలలకు సంబంధించినది. బావులు, గొట్టములు ఉన్న ప్రతి గ్రామములోని ఉన్నత పాఠశాలయందు, ఏడాదికొకమారు విద్యార్థులచే ఊరి పటము గీయింపవలెను. బావి యెక్కడ, గొట్టము ఏ పొలము క్రింద పోవుచున్నది, గాలి యే మాసమున ఎటు వీచును, ఎవరి యింట నడువలేనివారున్నారు, ఏ దారి గుండ ఎచటికి పోవలెను, ఎవరికి ఫోను చేయవలెను? భూగోళము, భౌతికశాస్త్రము, గణితము, పౌరశాస్త్రము అన్నియు ఆ యొక్క పటములో ఇముడును. దానిని పంచాయతీ కార్యాలయమున అంటించి, ఒక ప్రతిని సంస్థకు, మరొకదానిని జిల్లా కలెక్టరుకు పంపవలెను. సంస్థ వ్రాయించిన నివేదిక ఆ పటముతో పొసగనిచో, ఏది తప్పో అందరియెదుట తేలును. ఇందుకు పెద్ద ధనము అక్కరలేదు. ఒక డ్రాయింగు కాగితము, శ్రద్ధ గల ఒక ఉపాధ్యాయుడు చాలును.

చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొనుట మనకు అలవాటైనది. ప్రతి మంట తరువాతను ఒక సంఘము, ఒక నష్టపరిహారము, ఒక హామీ. పిమ్మట మరుపు. ఈ మరుపును భంగపరచగలవారు ఉపాధ్యాయులు. ప్రశ్న వేయుట నేర్పువారు వారే. తప్పిన జవాబు ప్రక్కన ఎఱ్ఱసిరాతో గీత గీయుటకు జంకనివారును వారే. మన బిడ్డలు పరీక్ష తప్పినచో మార్చిలో తప్పినది జూన్‌లో మరల వ్రాయుదురు. ఈ పరీక్షకు మాత్రము రెండవ అవకాశము లేదు. ఆ తెల్లవారుజామున నగరంలో నిద్రలేవని వారికి అది దొరకలేదు. కనుకనే, ఈ పేపరును ఎవరు దిద్దుచున్నారని అడుగుటకు మనకు హక్కున్నది. అడుగుట మన విధియు నైయున్నది.